పెద్ద ఎయిర్‌లైన్‌కి దారి: ఏ ఆఫర్‌కి ఊ అనాలి, దేన్ని వదులుకోవాలి

రేణిగుంటలో దిగే ఏటీఆర్ లాంటి చిన్న విమానంలో కుడి సీటు, అంటే కోపైలట్ ఉద్యోగం. ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం. ఇంకో 20 లక్షలు కడితే ఎయిర్‌బస్ ఏ320 టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడపడానికి లైసెన్స్ మీద పడే అనుమతి. కమర్షియల్ పైలట్ లైసెన్స్ చేతికొచ్చిన పిల్లల ముందు ఈ మూడింటిలో ఏదో ఒకటి వచ్చి నిలబడుతుంది. తిరుపతి, చిత్తూరు ఇళ్లలో అప్పటికే పొలం కాగితాలో ఇంటి కాగితాలో బ్యాంకులో ఉంటాయి. అందుకే "ఏదొస్తే అది పట్టుకో" అనే మామయ్యలూ ఉంటారు, "ఇండిగో, ఎయిర్ ఇండియా తప్ప వద్దు" అనే బాబాయిలూ ఉంటారు. రెండు మాటలూ లెక్క వేసి చెప్పినవి కావు.

ఏ ఆఫర్ వచ్చినా జీతం ఆఖర్న చూడండి. ముందు మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి: సీట్లో కూర్చునే తేదీ ఎప్పుడు? అక్కడ ఎగిరే గంటలు లాగ్‌బుక్‌లో ఏ కాలమ్‌లో పడతాయి? బయటికి రావాలంటే ఎంత డబ్బు, ఎన్ని నెలలు పోతాయి? ఈ మూడూ తెలిశాక జీతం సంగతి దానంతటదే తేలుతుంది.

ముందు మీ ఫైలు

పెద్ద కంపెనీ ప్రకటన వచ్చి దరఖాస్తుకి పది రోజులే గడువు ఇచ్చినప్పుడు చాలామంది ఆగిపోయేది ప్రతిభ దగ్గర కాదు, కాగితాల దగ్గర. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించనప్పుడు పరికరాలు చూసి ఎగిరే అనుమతి) ఏడాదికే చెల్లుతుంది. క్లాస్ 1 మెడికల్ కూడా ఏడాదికోసారి, 60 దాటితే ఆరు నెలలకోసారి. ఇంగ్లిష్ ప్రొఫిషియెన్సీ కనీసం లెవెల్ 4 ఉండాలి. రేడియో లైసెన్స్, మల్టీ ఇంజిన్ ఎండార్స్‌మెంట్, లైసెన్స్ చెల్లుబాటు: వీటి గడువు తేదీలన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసి, ప్రతిదానికీ మూడు నెలల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

మెడికల్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. మన వైపు వాళ్లు చాలామంది బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌కి వెళ్తారు. రాత్రి బస్సెక్కి, నిద్ర లేకుండా, తెల్లారి టీ మీద టీ తాగి నేరుగా పరీక్షకు వెళ్తే బీపీ ఎక్కువ చూపిస్తుంది. ముందు రోజు మధ్యాహ్నానికే చేరుకుని పడుకోండి. అంతకు నెల ముందే ఊళ్లో ఈసీజీ, షుగర్, హిమోగ్లోబిన్, లిపిడ్ పరీక్షలు చేయించుకుంటే తేడా ఏదైనా ఉన్నా సరిచేసుకునే టైం ఉంటుంది. టెంపరరీ అన్‌ఫిట్ వస్తే కొన్ని నెలలు ఆగాల్సిందే. అందుకే టైప్ రేటింగ్‌కి డబ్బు కట్టే ముందు, ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చే ముందు మెడికల్ రెన్యూ అయి ఉండాలి. ఈ వరుస తిరగబడితే నష్టం లక్షల్లో ఉంటుంది.

లాగ్‌బుక్‌ని ప్రతి నెలాఖరునా కూడండి. పీఐసీ (కమాండర్‌గా ఎగిరినవి), కోపైలట్, రాత్రి, ఇన్‌స్ట్రుమెంట్, క్రాస్ కంట్రీ (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగిరినవి) కాలమ్‌ల మొత్తాలు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వారి ఈజీసీఏ పోర్టల్‌లో ఉన్నవాటితో, ఫ్లయింగ్ స్కూల్ ఆథరైజేషన్ పుస్తకంతో సరిపోవాలి. రెండు గంటల తేడా ఉన్నా ఇంటర్వ్యూలో మీరు సమాధానం చెప్పుకోవాలి. మూసిపోయిన స్కూల్ నుంచి పాత రికార్డు తెచ్చుకోవడం నరకం. కాబట్టి ప్రతి పేజీకీ సంతకం, ముద్ర అప్పటికప్పుడే వేయించుకోండి.

బ్రెత్ ఎనలైజర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మొదటిసారి పాజిటివ్ వస్తే లైసెన్స్ 3 నెలలు, రెండోసారి వస్తే 3 ఏళ్లు సస్పెండ్ అవుతుంది. అది రికార్డులో ఉండిపోతుంది, తర్వాత వెళ్లే ప్రతి కంపెనీ చూస్తుంది. ఆల్కహాల్ ఉన్న దగ్గు మందు, మౌత్‌వాష్ కూడా డ్యూటీ ముందు వద్దు.

ఖాళీగా కూర్చున్న నెల ఖరీదు

50 లక్షల అప్పు, 10.5 శాతం వడ్డీ అనుకుందాం. ఒక నెల ఆగితే వడ్డీ ఒక్కటే 43,750 రూపాయలు. పదేళ్ల వాయిదాలైతే ఈఎంఐ సుమారు 67,500. సొంత ఖర్చుతో టైప్ రేటింగ్ కోసం ఇంకో 20 లక్షల అప్పు కలిపితే నెల వడ్డీ 61,250కి, ఈఎంఐ 94,500 దగ్గరికి చేరుతుంది. ఆ 20 లక్షలకే పదేళ్లలో తిరిగి కట్టేది 32 లక్షల పైచిలుకు. మీ అప్పు, మీ బ్యాంకు వడ్డీ వేసి ఇదే లెక్క కట్టండి. "నెల ఆగితే ఇంత" అన్న అంకె ఇంట్లో అందరికీ తెలియాలి.

ఇప్పుడు మూడు దారుల్నీ దాని పక్కన పెట్టి చూడండి.

సొంతంగా టైప్ రేటింగ్ చేస్తే చదువు, సిమ్యులేటర్, స్కిల్ టెస్ట్, విమానం మీద ల్యాండింగ్‌లు కలిపి కొన్ని నెలల్లో అయిపోతుంది. కష్టం తర్వాతే మొదలవుతుంది. లైసెన్స్ మీద ఏ320 అని పడ్డాక కూడా ఆ విమానం ఎగరకుండా కూర్చుంటే చేతి అలవాటు పోతుంది. కాల్ వచ్చేనాటికి మళ్లీ సిమ్యులేటర్ గంటలు కొనాలి. ఏడాది ఆగితే పై లెక్క ప్రకారం వడ్డీయే 7,35,000. కాబట్టి ఒక్క షరతు మీదే డబ్బు కట్టండి: కంపెనీ లెటర్‌హెడ్ మీద, మీ పేరుతో, జాయినింగ్ నెలతో ఆఫర్ ఉండాలి. "టైప్ రేటింగ్ ఉంటే ప్రాధాన్యం ఇస్తారంట" అన్నది ఆఫర్ కాదు. "మా ద్వారా చేరితే ఎయిర్‌లైన్‌లో సీటు గ్యారంటీ" అని హోటల్ హాల్లో సెమినార్ పెట్టే కన్సల్టెంట్ మాటకైతే అసలు విలువే లేదు. కంపెనీ వెబ్‌సైట్‌లోని కెరీర్స్ పేజీలో లేని ఖాళీకి ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఇన్‌స్ట్రక్టర్ దారిలో నెలకు 50 గంటలు ఎగరగలిగితే, 200 గంటల నుంచి 1500కి చేరడానికి 26 నెలలు. వానాకాలం, విమానం మరమ్మతులు కలిపితే ఇంకాస్త పడుతుంది. జీతం తక్కువే, కానీ వడ్డీకి ఆసరా. చేతిలో విమానం ఉంటుంది, లైసెన్స్ బతికి ఉంటుంది.

ఏటీఆర్ లాంటి ప్రాంతీయ విమానంలో నెలకు 70 గంటలైతే అదే దూరం 19 నెలలు. దానికి ముందు టైప్ రేటింగ్‌కి, లైన్ ట్రైనింగ్‌కి (ప్రయాణికులున్న విమానంలో శిక్షణ కెప్టెన్ పక్కన ఎగరడానికి) కొన్ని నెలలు కలుపుకోండి.

గంటలన్నీ ఒకటి కావు

1500 అనే అంకె ఏటీపీఎల్‌కి, అంటే కెప్టెన్ కావడానికి కావాల్సిన పై లైసెన్స్‌కి, ఉండాల్సిన మొత్తం గంటలది. కమాండ్‌కి, అంటే కెప్టెన్ కూర్చునే ఎడమ సీటుకి, అదే తలుపు. కానీ ఆ మొత్తంలో పీఐసీకి, రాత్రికి, క్రాస్ కంట్రీకి, ఇన్‌స్ట్రుమెంట్‌కి విడివిడిగా కనీసాలున్నాయి. 1500 నిండినా ఒక కాలమ్‌లో 30 గంటలు తక్కువై నెలల తరబడి ఆగేవాళ్లుంటారు. ఇన్‌స్ట్రక్టర్‌కి పీఐసీ బాగా పెరుగుతుంది, రాత్రి గంటలు, ఇన్‌స్ట్రుమెంట్ గంటలు తగ్గుతాయి. ఫస్ట్ ఆఫీసర్‌కి, అంటే ఎయిర్‌లైన్ కోపైలట్‌కి, దీనికి తలకిందులు. సూపర్‌విజన్ కింద మీరు కమాండర్ పనిచేసిన సెక్టార్లకు, అంటే ఒక్కో ప్రయాణానికి, కెప్టెన్ సంతకం ఆ రోజే తీసుకోవాలి. ఆర్నెల్లయ్యాక ఆ కెప్టెన్ ఇంకో కంపెనీలో ఉంటాడు.

చార్టర్ (అద్దె విమానాల) ఉద్యోగాల్లో ఒక మెలిక ఉంది, చాలామంది చూడరు. కింగ్ ఎయిర్ బి200 లాంటివి ఒక్క పైలట్‌తో నడపడానికి సర్టిఫై అయిన విమానాలు. అంతర్జాతీయ విమానయాన సంస్థ ఐకావో పైలట్ లైసెన్సుల నిబంధనలు, అనెక్స్ 1 ప్రకారం అలాంటి విమానంలో నిబంధన కోసం కోపైలట్‌గా కూర్చుంటే, పై లైసెన్స్‌కి ఆ గంటల్లో సాధారణంగా సగానికి మించి లెక్కలోకి రావు. ఏటీఆర్, ఏ320, బోయింగ్ 737లకు ఇద్దరు తప్పనిసరి, అక్కడి గంటలు పూర్తిగా వస్తాయి. నెలకు 40 గంటల చార్టర్ అంటే మీ ఏటీపీఎల్ లెక్కలో నెలకు 20 అని రాసుకోండి. పైగా చార్టర్‌లో 40 గంటలు దొరకడమే అరుదు.

పెద్ద కంపెనీలు విలువిచ్చేది ఇద్దరు పైలట్ల టర్బైన్ విమానంలో, షెడ్యూల్ ప్రకారం ఎగిరిన గంటలకు. అందువల్ల జెట్ కాదని ఏటీఆర్‌ని చిన్నచూపు చూడొద్దు. చిన్న సెక్టార్లు, చిన్న రన్‌వేలు, రోజుకు నాలుగైదు ల్యాండింగ్‌లు. రెండేళ్లలో చేయి గట్టిపడుతుంది. ఇన్‌స్ట్రక్టర్‌గా రెండేళ్లా, ఏటీఆర్‌లో రెండేళ్లా అంటే, కంపెనీ నిలబడేదైతే మేము ఏటీఆర్ వైపే చెబుతాం.

కంపెనీ నిలబడుతుందా

కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. తిరుపతికి ఏటీఆర్‌లు నడిపిన ట్రూజెట్ కూడా 2022లో ఆగింది. విమానాలు ఆగిన రోజున అందులోని పైలట్లందరూ ఒకేసారి మార్కెట్లోకి వస్తారు. వాళ్లతో పోటీలో కొత్తవాళ్లు వెనకబడతారు.

ముందస్తు గుర్తులు బయట దొరుకుతాయి. అక్కడ పనిచేసే ఒకరిద్దరిని మర్యాదగా అడగండి: జీతం ఏ తేదీన పడుతోంది, గత ఆరు నెలల్లో ఆ తేదీ జరిగిందా? పీఎఫ్ పాస్‌బుక్‌లో ప్రతి నెలా జమ కనిపిస్తోందా? జీతంలో కోసిన టీడీఎస్ ఆదాయపు పన్ను పోర్టల్‌లో కనిపిస్తోందా? జీతం పడుతున్నా పీఎఫ్, టీడీఎస్ జమ కావడం లేదంటే కంపెనీ ఉద్యోగుల డబ్బుతో బండి లాగుతోందన్నమాట. ఆ ఆఫర్‌కి దూరంగా ఉండండి. విమానాల ట్రాకింగ్ సైట్‌లో ఆ కంపెనీ విమానాలు రోజుకు ఎన్ని గాల్లోకి లేస్తున్నాయో వారం రోజులు లెక్కపెట్టండి. పది ఉన్నాయని చెప్పి ఐదే ఎగురుతుంటే మీకు గంటలు దొరకవు.

ఉడాన్ (చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) రూట్ల మీద బతికే కంపెనీ అయితే ఇంకొకటి చూడాలి. ఆ పథకంలో ఒక్కో రూట్‌కి సబ్సిడీ మూడేళ్లే. ఆ గడువు అయ్యాక సొంతంగా నిలవలేని రూట్లు రద్దవుతాయి. మీరు చేరే ఏడాదికి వాళ్ల ముఖ్యమైన రూట్లు ఎన్నో ఏట ఉన్నాయో కనుక్కోండి.

పెద్ద ఆర్డర్లు చూసి కూడా తేదీలు ఊహించుకోవద్దు. ఎయిర్ ఇండియా 2023 ఫిబ్రవరిలో 470 విమానాలు, ఇండిగో అదే ఏడాది జూన్‌లో 500 ఏ320 కుటుంబ విమానాలు ఆర్డర్ చేశాయి. అవి ఏళ్ల మీద వచ్చేవి. ఫ్యాక్టరీలో ఆలస్యమైతే శిక్షణ పూర్తయిన పైలట్ నేల మీదే ఉంటాడు, కనీస గంటల జీతమే వస్తుంది. ఆర్డర్ల నుంచి తెలిసేది ఏ టైప్‌కి గిరాకీ ఉందన్నది మాత్రమే: ఇక్కడ ఏ320 కుటుంబానికి ఎక్కువ, ఆకాశ, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, స్పైస్‌జెట్‌ల వల్ల 737కి తర్వాత.

బాండ్ కాగితం చదవడం

బాండ్ అంటే ఇన్నేళ్లు పనిచేస్తాను, మధ్యలో వెళ్తే ఇంత డబ్బు కడతాను అని కంపెనీకి రాసిచ్చేది. ఉత్సాహంలో సంతకం పెట్టేసే కాగితం ఇదే, కాబట్టి నెమ్మదిగా చదవాలి. ఆఫర్ వచ్చిన రోజే సంతకం చేయమంటే రెండు రోజులు గడువు అడగండి. చిత్తూరు కోర్టు దగ్గరో తిరుపతిలోనో కాంట్రాక్టులు చూసే వకీలుకి ఇచ్చే ఫీజు, బాండ్ సొమ్ముతో పోలిస్తే ఏపాటిది?

బాండ్ కాలం ఏ రోజు నుంచి మొదలవుతుందో ముందు చూడండి. చేరిన రోజు నుంచా, శిక్షణ ముగిసిన రోజు నుంచా, లైన్ మీదికి రిలీజ్ అయిన (లైన్ ట్రైనింగ్ కూడా ముగిసి మామూలు డ్యూటీకి పంపిన) రోజు నుంచా? మూడేళ్ల బాండ్ రిలీజ్ నుంచి మొదలై, రిలీజ్‌కే పది నెలలు పడితే అది దాదాపు నాలుగేళ్ల బాండ్. శిక్షణ ఆలస్యం కంపెనీ వల్ల జరిగినా మీ గడువే పెరుగుతుంది. "చేరిన తేదీ నుంచి గరిష్ఠంగా ఇన్ని నెలలు" అన్న మాట కాగితంలో ఉండేలా అడగండి.

తర్వాత సొమ్ము. అది నెలనెలా తగ్గుతుందా, ఆఖరి రోజు దాకా పూర్తిగానే ఉంటుందా? 20 లక్షల బాండ్ 36 నెలలకు సమానంగా తగ్గేదైతే 24 నెలలు పనిచేశాక కట్టేది సుమారు 6.67 లక్షలు. తగ్గనిదైతే 35వ నెలలో వెళ్లినా 20 లక్షలూ కట్టాలి. ఈ ఒక్క వాక్యం మీదే మీ రెండో అడుగు ఆధారపడి ఉంటుంది.

కంపెనీయే విమానాలు ఆపేస్తే, రెండు నెలలు జీతం ఇవ్వకపోతే, మీరు మెడికల్‌గా అన్‌ఫిట్ అయితే బాండ్ ఏమవుతుంది? రాయకపోతే మీ మీదే ఉన్నట్టు లెక్క. రాయించుకోండి. సిమ్యులేటర్ చెక్‌లో ఫెయిలైతే ఎన్ని అవకాశాలు ఇస్తారో, ఆ అదనపు సెషన్ల ఖర్చు ఎవరిదో కూడా ఉండాలి.

హామీగా ఏం అడుగుతున్నారో చూడండి. అంకె వేయని, తేదీ లేని చెక్కు ఇవ్వకండి. చెక్కు బౌన్స్ అయితే సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు అవుతుంది, అది నాన్న ఖాతా చెక్కయితే కేసు నాన్న మీద పడుతుంది. ఇంటర్, డిగ్రీ ఒరిజినల్స్ చూపించి జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి. అప్పటికే పొలం తాకట్టులో ఉంటే రెండో హామీగా దాన్నే రాయడానికి బ్యాంకు సాధారణంగా ఒప్పుకోదు. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పండి.

రెండో అడుగు: ఉన్నచోటి నుంచి కదలడం

డీజీసీఏ 2017లో మార్చిన నిబంధన ప్రకారం రాజీనామా నోటీసు ఫస్ట్ ఆఫీసర్‌కి 6 నెలలు, కమాండర్‌కి 12 నెలలు. కంపెనీ ఒప్పుకుంటే తగ్గవచ్చు. కొత్త కంపెనీ "వచ్చే నెల జాయిన్ అవ్వాలి" అంటే, మీ నోటీసు కాలం సంగతి మొదటి ఇంటర్వ్యూలోనే చెప్పండి. బాండ్‌లో నోటీసు కాలం కలిసి ఉంటుందో లేదో కూడా చూసుకోండి: కలిసి ఉంటే మూడేళ్ల బాండ్‌కి 30వ నెలలో రాజీనామా ఇచ్చి 36వ నెలాఖరుకి బయటపడొచ్చు, లేకపోతే 42 నెలలు.

కమాండ్ వచ్చిన రోజుతో నోటీసు రెట్టింపవుతుంది. గల్ఫ్‌కి గానీ ఇంకో కంపెనీకి గానీ ఫస్ట్ ఆఫీసర్‌గానే వెళ్లాలనుకుంటే అప్‌గ్రేడ్‌కి (కెప్టెన్‌గా మారడానికి) ముందే నిర్ణయం తేలాలి. కెప్టెన్‌గా వెళ్లాలనుకుంటే అప్‌గ్రేడ్ తీసుకుని, ఆ టైప్ మీద పీఐసీ గంటలు పేర్చుకుని, ఏడాది నోటీసుని లెక్కలో పెట్టుకుని దరఖాస్తు చేయాలి. కమాండ్ శిక్షణ మధ్యలో కదలడం అన్నిటికంటే నష్టం: కొత్త బాండ్ పడి ఉంటుంది, కెప్టెన్ గంటలు ఇంకా మొదలై ఉండవు.

సీనియారిటీ సంగతి తిరుపతి వాళ్లకు వివరించక్కర్లేదు. వైకుంఠం క్యూలో కంపార్ట్‌మెంట్ వదిలి బయటికొస్తే ఎంతసేపు కూర్చున్నామన్నది లెక్కలోకి రాదు, మళ్లీ చివర్నుంచే. ఎయిర్‌లైన్ మారినా అంతే: బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు), రోస్టర్ (డ్యూటీల పట్టిక), సెలవులు, కమాండ్ తేదీ అన్నీ చేరిన తేదీ మీద నడుస్తాయి. అందుకే ఇప్పటిచోట కమాండ్ ఏడాది, ఏడాదిన్నర దూరంలో ఉంటే, నెలకు యాభై వేలు ఎక్కువ వస్తాయని ఇంకోచోట ఫస్ట్ ఆఫీసర్‌గా చేరొద్దు. కమాండ్ నాలుగైదేళ్ల దూరంలో ఉండి, పెద్ద కంపెనీలో ముందే వచ్చేలా ఉంటే ఈ రోజే కదలండి. 65 ఏళ్లకు ఎగరడం ఆపాలి కాబట్టి, ఆలస్యమైన ప్రతి ఏడాదీ కోసేది మొదటి ఏడాది జీతాన్ని కాదు, చివరి ఏడాది కెప్టెన్ జీతాన్ని.

బేస్ విషయంలో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. తిరుపతి నుంచి చెన్నై సుమారు 140 కిలోమీటర్లు, బెంగళూరు 250. స్టాండ్‌బై రోజున (పిలిస్తే వెళ్లడానికి సిద్ధంగా ఉండాల్సిన రోజున) పిలుపు వచ్చిన గంట, గంటన్నరలో ఎయిర్‌పోర్టులో ఉండాలి, కాబట్టి ఇంటి నుంచి డ్యూటీ చేయడం కుదరదు. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో గది అద్దె లెక్కలో వేసుకోండి. బెంగళూరు బేస్ అంటే ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్లి; ఊరి మధ్యలో మెజెస్టిక్ చుట్టుపక్కల తీసుకున్న గది ఏ పనికీ రాదు.

సెలెక్షన్‌కి ఆర్నెల్ల ముందు నుంచే తయారవ్వండి. సిమ్యులేటర్ పరీక్షలో సాధారణంగా చూసేవి ఆటోపైలట్ లేకుండా రా డేటా ఐఎల్ఎస్ (రేడియో సూచికలు మాత్రమే చూస్తూ రన్‌వేకి దిగి రావడం), హోల్డ్ ఎంట్రీ (గాల్లో చుట్లు తిరుగుతూ ఆగే చోటికి చేరడం), టేకాఫ్‌లో ఇంజిన్ ఫెయిల్, గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం). చేతి నైపుణ్యం కంటే కాల్‌అవుట్లు (పైకి చెప్పాల్సిన మాటలు), పక్క పైలట్‌తో పని పంచుకోవడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఏటీపీఎల్ పేపర్లు 1000 గంటలు దాటకముందే రాసేయండి. రోస్టర్ బిగిశాక చదవడానికి టైం దొరకదు.

చేతిలో కొత్త కంపెనీ సంతకం చేసిన ఆఫర్, చెల్లే మెడికల్ రెండూ ఉన్నాకే రాజీనామా ఈమెయిల్ పంపి, అందినట్టు జవాబు తీసుకోండి. నోటీసు కాలంలో సిక్ లీవ్‌లు పెట్టి విసిగించకండి, నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ ఇచ్చేది వాళ్లే. ఆఖరి నెలలో లాగ్‌బుక్ మొత్తాలకు, శిక్షణ రికార్డులకు, సిమ్యులేటర్ చెక్ ఫారాలకు అటెస్ట్ చేసిన కాపీలు అడిగి తీసుకోండి. పీఎఫ్‌ని డ్రా చేయకుండా ట్రాన్స్‌ఫర్ పెట్టండి. పాత కంపెనీ ఇచ్చిన లాస్ ఆఫ్ లైసెన్స్ బీమా (ఆరోగ్యం వల్ల లైసెన్స్ పోతే డబ్బు ఇచ్చేది) మీరు బయటికొచ్చిన రోజుతో ఆగిపోతుంది, కొత్తచోటిది కొన్నాళ్లకు గానీ మొదలు కాదు. ఆ మధ్య కాలానికి సొంతంగా పాలసీ తీసుకుని, దాని మొదటి తేదీ పాతదాని చివరి తేదీకి ముందే ఉండేలా చూసుకోండి.